పదకొండు నిమిషాల గొంతు

"వదినా, నీ పాస్‌వర్డు చెప్పు" అన్నాడు వేణుగోపాల్, కుర్చీలోంచి తల కూడా తిప్పకుండా.

శ్రీవాసవి హాలు గడప దగ్గర పీట వేసుకుని తాళంచెవులు తోముతోంది. ఇంటివి, దుకాణానివి, గోడౌనువి, బీరువాలవి అన్నీ కలిపి నలభై మూడు. ముందు చింతపండు, తర్వాత బూడిద, చివర మంచినీళ్లు. రేపు ఆయుధపూజ. ఓబులేసు శెట్టి ఇంట్లో మూడు తరాలుగా ఒక పద్ధతి ఉంది. ఆ రోజు ఇంట్లోగానీ దుకాణంలోగానీ ఏ తాళమూ వేసి ఉండకూడదు. పెట్టెలు, బీరువాలు, గల్లా అన్నీ బార్లా తెరిచి, తాళంచెవులన్నీ ఇత్తడి పళ్లెంలో పోసి, పసుపు కుంకుమ చల్లి అమ్మవారి ముందు పెడతారు. తాళం వేసిన చోటికి లక్ష్మి ఎట్లా వస్తుందని ఆయన తండ్రి అనేవాడట. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆ తాళాల మీద చెయ్యి వేసినవాణ్ణి ఆ తండ్రి బతకనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి.

ఈ ఏడు కొత్తగా కంప్యూటరు కూడా ఆయుధాల్లో చేరింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో 'శ్రీ' రాసినట్టే, కంప్యూటరులో కూడా తన వేలితో 'శ్రీ' కొట్టాలని రాయచోటి బజారులో రంగులూ సిమెంటూ అమ్మే ఆ పెద్దమనిషికి ముచ్చట పుట్టింది. మిషను వెయ్యగానే తెర మీద రెండు బొమ్మలు వస్తాయి. మోటారు సైకిలు బొమ్మ ఆయన చిన్న కొడుకు వేణుగోపాల్‌ది, నొక్కితే తెరుచుకుంటుంది. పువ్వు బొమ్మ పెద్ద కోడలు శ్రీవాసవిది. దాన్ని నొక్కితే మాట అడుగుతుంది.

"నేనొచ్చి తెరుస్తాలే వేణూ. చేతులు బూడిదగా ఉండాయి" అంది శ్రీవాసవి.

"నువ్వొచ్చేదేంటికి? చెప్తే నేనే కొట్టుకుంటా. రేపు పూజకు తాళం ఉండగూడదు గదా."

సోఫాలో వక్కలు కత్తిరిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. "ఏందీ, కంప్యూటరుకి తాళమేసినావా? ఇంట్లో ఉండేటోళ్ల మీదనే తాళమా? మేమేం దొంగలమా?"

"అది కాదత్తమ్మా..."

"కాకుంటే చెప్పు మరి. వాడు అడుగుతాండాడు గదా."

శ్రీవాసవి నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట 'ప్రమీల'. అత్తగారి పేరు ప్రమీలమ్మ.

అది ఆమె సొంత పేరు కూడా. ఆదోనిలో పుట్టిన నాటి నుంచి ఇరవై రెండేళ్లు అదే పేరుతో పెరిగింది. అత్త పేరు కోడలు నోట పలకకూడదు, అత్త పేరు పెట్టి కోడల్ని ఇంకెవరూ పిలవకూడదు కాబట్టి పెళ్లినాడే పేరు మార్చి శ్రీవాసవిని చేశారు. ఆ పాత పేరులో ఆమెకు మిగిలిందల్లా ఏడు ఇంగ్లీషు అక్షరాలు. కొడితే తెర మీద చుక్కలే పడతాయి గనుక ఎవరికీ కనిపించదు. రోజుకొకసారి ఏడు చుక్కలు పెట్టుకుని తన పేరు తాను తలుచుకునేది. ఇప్పుడు నిండు హాల్లో, అత్తగారి ముఖం మీద, ఆ పేరు ఎట్లా అనడం?

"రేపు పొద్దున నేనే తీస్తా" అంది తల వంచుకుని.

"సరేలే" అన్నాడు వేణుగోపాల్. ఆ సరేలో సరే లేదు.

ప్రమీలమ్మ మళ్లీ వక్కలు కత్తిరించసాగింది. "బాగుండాదమ్మా. మా ఇంట్లో మాకే తెలీని మాట" అంది, ఎవరితో అన్నట్టూ కాకుండా.

శ్రీవాసవి దుకాణం షట్టరు తాళంచెవిని అప్పటికే మెరుస్తున్నా మళ్లీ తోమింది. నిజానికి ఆ కంప్యూటరు ఆమెదే. ఆదోనిలో బళ్లో పాఠాలు చెప్పిన రెండేళ్ల జీతంతో, విడిభాగాలు తెప్పించి దగ్గరుండి బిగించుకుంది. మేడ మీద గదిలోంచి హాల్లోకి దించిన రోజు అత్తగారు ఒకటే అడిగింది, దీంట్లో పైన ఎవరి పేరుంటుందని. ఇంట్లో మగవాళ్లుండగా కోడలి పేరు పైన ఉంటే బాగుండదంది. శ్రీవాసవి తన చేత్తోనే మరిదిని అడ్మినిస్ట్రేటరును చేసి, తనను కింది మెట్టుకు దించుకుంది. తాళాల గుత్తి పెద్దల నడుముకే ఉండాలని పుట్టింట్లో నేర్పిన బుద్ధి. ఆ బుద్ధికి తగ్గట్టే ఉగాదికి వేణుగోపాల్ తన సినిమాలకు చోటు చాల్లేదని ఆమె బళ్లో పిల్లల ఫొటోలన్నీ తుడిచేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే అదే.

ఆ తర్వాతే ఆమె పువ్వు బొమ్మకు మాట పెట్టింది. నెలనెలా వచ్చే కంప్యూటరు పత్రికలో చూసి, 'అమ్మ' అనే ఒక్క ఫోల్డరుకు మాత్రం పై అకౌంటువాడు కూడా తెరవలేనట్టు లోపలి తాళం వేసింది. అట్లా తాళం వేస్తే లోపలి పేర్లన్నీ ఆకుపచ్చగా మారతాయి. పదకొండు పేర్లు. ఒక్కొక్కటీ నిమిషం. మొత్తం పదకొండు నిమిషాల అమ్మ గొంతు.

ఇంటిల్లిపాదీ ఒంటిమిట్ట కల్యాణానికి పోయిన మధ్యాహ్నం పట్టిన గొంతు అది. శ్రీవాసవి బయట చేరి ఉండి పోలేదు. కర్నూలు ఆసుపత్రిలో చేరబోయే ముందు కూతుర్ని చూసిపోదామని హంపమ్మ ఆదోని నుంచి వచ్చి ఉంది. గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తల్లీకూతుళ్లిద్దరే ఇంట్లో. ముట్టులో హాల్లో అడుగు పెట్టకూడదని తెలిసీ పెట్టి, మైకు అమ్మ చేతికిచ్చి మాట్లాడమంది. నిమిషం కాగానే ఆ మిషను దానంతటదే ఆగిపోయేది, మాట మధ్యలో ఉన్నా సరే. మళ్లీ నొక్కాలి. బొరుగులతో ఉగ్గాణి ఎట్లా చెయ్యాలో చెప్పింది అమ్మ. జోలపాట పాడింది. చివర్న, "చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటాంటే ఎట్ల పిలుస్తాంటివి, అట్ల పిలువు" అంటే, అట్లాగే నిమిషం నిండా పిలిచింది.

ఇంతవరకూ శ్రీవాసవి ఒక్కసారీ వినలేదు. హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. వాటి నిండా ప్రమీలా ప్రమీలా అనే ఉంది. అమ్మ కోలుకుని వచ్చినప్పుడు ఇద్దరం కలిసి విందాంలే, దాచుకున్నది ఎక్కడికి పోతుందిలే అనుకుంది. పోయిన వారమే అమ్మ రాసిన కార్డు వచ్చింది: 'దసరా మర్నాడు వస్తా. నా గొంతు ఎట్లుండెనో నాకే మతికి రావడం లేదు. ఒక్కసారి వినాల.'

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆమె మొగుడికి మెల్లగా చెప్పింది. "వేణూకి చెప్పండి. నా అకౌంటు ముట్టుకోవద్దను. పొద్దున్నే నేనే తెరుస్తా."

జ్ఞానేశ్వర్ మెత్తని మనిషి. మెత్తనివాళ్లకు ఉండే లక్షణమే అతనికీ ఉంది, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు వాలతాడు. "ఒక మాట చెప్తే పోయేదానికి ఇంత రామాయణమేంటికి వాసవీ? అమ్మ పొద్దున్నుంచీ అదే సతాయిస్తాంది."

"అది నోటితో చెప్పే మాట కాదు."

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. "ఎవరిదన్నా పేరా?"

ఆమె మజ్జిగ గిన్నె అతని ముందుకు జరిపింది. అవును, పేరే. అతను ఆమె ముఖంలోకి కాసేపు చూసి, సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

సాయంత్రం ఒక కాగితం ముక్క మీద ఏడక్షరాలు రాసి మడిచింది. నోటితో అనకపోతే సరి, చీటీ ఇచ్చేస్తే పోతుంది. కానీ వేణుగోపాల్ నోట్లో నువ్వుగింజ నానదు. "అమ్మా, ఇదేందిమా, నీ పేరే!" అని హాలంతా వినపడేట్టు అరుస్తాడు. అత్త పేరు పెట్టి రోజూ తాళం తీస్తూ ఉందని రేపు పూజకొచ్చే బంధువులందరికీ తెలుస్తుంది. పొద్దున అందరికంటే ముందు తానే తెరిచేస్తే ఏ గొడవా ఉండదు. చీటీ బొడ్లో దోపుకుంది.

పొద్దున ఆమెను వంటిల్లు వదల్లేదు. నైవేద్యానికి నూటొక్క ఓళిగలు. పిండి సాగదీయడం, పూర్ణం పెట్టడం, తట్టడం, పెనం మీద వేయడం. రెండుసార్లు చెయ్యి కడుక్కుని హాలు వైపు నడిచింది. రెండుసార్లూ అత్తగారు, "యాడికి? పెనం మీద మాడతాంది సూడు" అని వెనక్కి పిలిచింది. చివరికి ఓళిగల పళ్లెం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి తొమ్మిదయింది. బీరువాల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నలభై మూడు తాళంచెవులు అమ్మవారి ముందు పసుపులో మెరుస్తున్నాయి. కంప్యూటరుకు బంతిపూల దండ వేశారు. మీటల మీద కుంకుమ బొట్లు. ఓబులేసు శెట్టి తుండుగుడ్డ నడుముకు చుట్టి, చూపుడువేలు గాల్లో పెట్టుకుని అక్షరాలు వెతుకుతున్నాడు.

"ఎస్ యాడుండాదిరా?"

"ఎడమ పక్క నాయనా. ఆఁ, అదే."

మూడక్షరాలకు అయిదు నిమిషాలు పట్టింది. 'ఎస్ ఆర్ ఐ' అని పడగానే ప్రమీలమ్మ కళ్లకద్దుకుంది. హారతి అయింది.

"వదినా, నీ తాళం కూడా తీసేసినాలే" అన్నాడు వేణుగోపాల్, చేసిన ఘనకార్యం దాచుకోలేక.

ఆమె పళ్లెం కింద పెట్టేసింది. "ఎట్ల తీసినావు?"

"నీ పాత అకౌంటు ఎత్తేసినా. అదే పేరుతో కొత్తది పెట్టినా. పువ్వు బొమ్మ కూడా అదే పెట్టినా సూడు. నువ్వు చెప్పకుంటే ఆగిపోతామనుకుంటివా?" ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీ ఫోల్డరు జోలికి పోలేదులే. పదకొండూ అట్లనే ఉండాయి."

శ్రీవాసవి కుర్చీ వైపు ఒక అడుగు వేసింది. ఓబులేసు శెట్టి అప్పటికే మిషను ఆపేశాడు. "ఎవరూ ముట్టుకోగూడదు. పూజ చేసిన ఆయుధం ఈ పొద్దుకు నిద్ర పోవల్ల. రేపు దశమికి తియ్యండి."

ఇల్లంతా తెరిచి ఉన్న రోజున ఆ ఒక్కటీ తెరిచే వీల్లేదు. ఆమె బంధువులకు వడ్డించింది, ఆకులు తీసింది, అంట్లు తోమింది. హాల్లోకి వచ్చినప్పుడల్లా పూలదండ కింద నల్లటి తెరను చూసింది. పదకొండూ ఉన్నాయన్నాడు కదా. ఉంటే చాలు. బొడ్లో చీటీ చెమటకు తడిసి మెత్తబడింది.

దశమి పొద్దున మొదట మిషను వేసింది ఆమే. పువ్వు బొమ్మ మాటేమీ అడగకుండా తెరుచుకుంది. ఫోల్డరు ఉంది. పదకొండు పేర్లూ ఆకుపచ్చగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. 'ఉగ్గాణి' మీద రెండుసార్లు నొక్కింది. ఎర్ర ఇంటూ గుర్తుతో చిన్న పెట్టె వచ్చింది, అనుమతి లేదని. 'జోలపాట' నొక్కింది. అదే పెట్టె. పదకొండూ నొక్కింది.

వేణుగోపాల్ వచ్చి తన బొమ్మలోంచి ప్రయత్నించాడు. ఫోల్డరు సొంతదారు తానేనని మార్చాడు, అనుమతులన్నీ టిక్కులు పెట్టాడు. టిక్కులన్నీ పడ్డాయి. పెట్టె మాత్రం పోలేదు. గంట తర్వాత అతని ముఖంలో ధీమా పోయింది. సాయంత్రం బజారుకు పోయి కంప్యూటర్లు బాగుచేసే రంగస్వామిని తీసుకొచ్చాడు. పండగ బట్టల్లోనే వచ్చిన రంగస్వామి అందరికీ జమ్మి ఆకు పెట్టి కూర్చున్నాడు. కాసేపు చూసి మౌసు వదిలేశాడు.

"అకౌంటు ఎత్తేసినారాప్పా?"

"అదే పేరుతో మళ్లా పెట్టినా గదన్నా!"

"పేరుదేముందప్పా, మిషనుకు పేరు తెల్దు. లోపల ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరుకు ఒక తాళంచెవి. అకౌంటు ఎత్తేస్తే నంబరూ పాయె, చెవీ పాయె. ఇప్పుడు ఈయమ్మ ఈయమ్మ కాదు దానికి. కొత్త మనిషి." శ్రీవాసవి వైపు తిరిగాడు. "చెవికి నకలు తీసి పెట్టుకోల్యామ్మా?"

"నకలు తీస్తారని నాకు తెల్దన్నా."

తాళం వెయ్యడం ఎట్లాగో ఒక నెల పత్రికలో వేశారు. ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలో తర్వాతి నెల చెప్తామన్నారు. ఆ నెలే మామగారు, ఇంట్లో చదివేవాళ్లెవరని, ఆ పత్రిక మాన్పించాడు.

"పాస్‌వర్డు మార్చి ఊరకున్నా బాగుండు" అన్నాడు రంగస్వామి లేస్తూ. "మళ్లా పాతది పెడితే తెరుచుకుంటుండె. నిన్న ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోతుండె గదమ్మా. ఇంక దేవుడొచ్చినా తీయలేడు."

చేతులు కాలాక ఆకులిచ్చే మంచివాళ్లకు లోకంలో కొదవ లేదు. ప్రమీలమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "అంత ముఖ్యమైంది ఏముండె దాంట్లో?" అంది.

"మా అమ్మ గొంతత్తమ్మా."

వేణుగోపాల్ చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి పోయాడు. శ్రీవాసవి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు. దొంగ పడి ఉంటే దొంగను తిట్టుకునేది. ఇక్కడ ఎవర్ని తిట్టుకోవాలి? తాళం వేసిందీ తనే, గుత్తి ఇచ్చిందీ తనే, మాట మింగిందీ తనే.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు హంపమ్మ దిగింది. చిక్కి సగమయింది. మెడ ముందు చిన్న తెల్లగుడ్డ కట్టుకుంది, ఊపిరి దాని వెనకాల నుంచి గరగరమంటూ వస్తోంది. మెడలో దారంతో వేలాడే చిన్న నోటుబుక్కు, పెన్సిలు. కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూడా కూర్చోకుండా కంప్యూటరు వైపు చూపించి నవ్వింది. బుక్కు తెరిచి రాసింది: 'వినిపీ.'

ఇంటిల్లిపాదీ హాల్లోనే ఉన్నారు. చెప్పాలనుకున్న మాటలన్నీ శ్రీవాసవి రాత్రంతా కూడబలుక్కుని ఉంచుకుంది. ఒక్కటీ రాలేదు. ఏం చెయ్యాలో తెలియక, కూర్చుని పువ్వు బొమ్మ నొక్కింది. ఫోల్డరు తెరిచింది. పదకొండో పేరు, 'పిలుపు', మీద రెండుసార్లు నొక్కింది.

ఎర్ర గుర్తుతో పెట్టె వచ్చింది. హంపమ్మకు ఇంగ్లీషు రాదు. అదే మొదలనుకుంది. పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, మెడ గుడ్డ చేత్తో అదిమి గరగర ఆపుకుని, స్పీకరుకు చెవి ఆనించింది. అట్లాగే కదలకుండా వింటూ ఉంది.

ఎంతసేపటికీ ఏమీ రాకపోతే తలెత్తి కూతుర్ని చూసింది. కూతురి కళ్లు చూసింది. హంపమ్మ పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

"ఏమంటాంది మీయమ్మ?" అంది ప్రమీలమ్మ.

ఏం లేదత్తమ్మా అనడం శ్రీవాసవికి మూడేళ్లుగా అలవాటు. ఈసారి ఆ మాట రాలేదు.

"నన్ను పిలుస్తాందత్తమ్మా. ప్రమీలా అని. నా పేరు గదా అది."

వేణుగోపాల్ మెల్లగా తలెత్తాడు. "వదినా... పాస్‌వర్డు అదేనా?"

"అదే."

జ్ఞానేశ్వర్ నేల చూపులు చూశాడు. శ్రీవాసవి తిట్టు కోసం ఎదురుచూసింది. మూడేళ్లు భయపడిన తిట్టు. ప్రమీలమ్మ కొంగు సర్దుకుని, "హంపమ్మ వదినకు కాఫీ పెట్టకొస్తా" అని వంటింట్లోకి పోయింది. అంతే. ఇంటి దూలం విరిగి పడలేదు, ఎవరి పరువూ పోలేదు. ఇంతేనా, ఈ మాత్రం మాటకా నేను మా అమ్మ గొంతును చంపుకున్నాను అనుకుంది శ్రీవాసవి. అప్పుడొచ్చింది ఏడుపు.

హంపమ్మకు ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా ఆ పేరు వినబడడం ఒక్కటే. కూతురి ముంజేయి పట్టుకుని గుంజి, చెవి చూపించింది. మళ్లీ అను, అని.

తల్లీకూతుళ్ల గొంతు ఒకటేనని ఆదోనిలో అందరూ అనేవారు. శ్రీవాసవి కళ్లు తుడుచుకుంది. వీధి చివరిదాకా వినబడేట్టు అమ్మ ఎట్లా సాగదీసేదో అట్లా సాగదీసి పిలిచింది.

"ప్రమీలా... ఓ ప్రమీ... యాడుండావే..."

హంపమ్మ కళ్లు మూసుకుంది. తల ఊపింది. ఊఁ, తర్వాత?

తర్వాత ఇంకా యాభై సెకన్లు ఉండాలి. ఎవరింటి అరుగు మీద ఆడుకుంటున్నానని అంది? ఏం పెడతా రమ్మంది? చివర తిట్టిందా, నవ్విందా? శ్రీవాసవి వెతుక్కుంది. ఆ రోజు మిషను ఆగిపోతుందేమోనని గడియారం చూస్తూ కూర్చుంది గానీ, మాటలు వినలేదు. తర్వాత వినొచ్చులే అనుకుంది.

"తర్వాత ఏమంటివిమా?" అని అడిగింది.

హంపమ్మ కళ్లు తెరిచి పెన్సిలు తీసుకుంది. మొన కాగితానికి ఆనించి చాలాసేపు ఆలోచించింది. ఆనించిన చోట చుక్క పడింది. అంతకంటే ఏమీ రాయలేకపోయింది.